కిడ్నీలో రాయి: ఆపరేషన్‌కి ఎప్పుడు పరుగెత్తాలి, ఎన్నాళ్లు ఆగొచ్చు

ముందు ఒక్క మాట చెప్పేస్తాను. కిడ్నీ రాయికి ఆపరేషన్ ఎప్పుడు అన్నది నొప్పిని బట్టి తేల్చుకోకండి, మూత్రం కిందికి దిగుతోందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. పదకొండేళ్లుగా యూరాలజీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఈ ముక్క తెలియక కిడ్నీ పోగొట్టుకున్నవాళ్లను చూశాను, వాళ్లలో మా సొంత బాబాయి ఒకరు.

బాబాయికి ఒక ఏప్రిల్‌లో ఎడమ డొక్కలో నొప్పి మొదలై గజ్జల్లోకి దిగింది, నేల మీద పడి పొర్లాడాడు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో ఇంజెక్షన్ చేసి స్కానింగ్ తీస్తే కిడ్నీ కింద గొట్టంలో 9 మిల్లీమీటర్ల రాయి. నాలుగు రోజులు మందులు వాడాడు, ఐదో రోజుకి నొప్పి మాయం. "పడిపోయిందే అమ్మాయ్, బిందెలకి బిందెలు నీళ్లు తాగాను కదా" అని ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. మళ్లీ స్కానింగ్ తీయించు బాబాయ్ అన్నాను గానీ గట్టిగా పట్టుబట్టలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చేయి పట్టుకుని తీసుకెళ్లి స్కానింగ్ తీయిస్తే రాయి ఎక్కడిది అక్కడే ఉంది. కిడ్నీ మాత్రం నీళ్లు నింపిన తిత్తిలా ఉబ్బిపోయి, చుట్టూ ఉండాల్సిన కండ పలచని పొరలా మిగిలింది. డీటీపీఏ స్కాన్‌లో ఆ కిడ్నీ పనితనం 11 శాతం అని వచ్చింది.

తొమ్మిది నెలలు ఒక్క రోజు కూడా నొప్పి లేదు ఆయనకి. ఎందుకంటే రాయి అడ్డం పడిన కొత్తలో మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ సాగుడుకే ప్రాణం పోయేంత నొప్పి. కొన్ని రోజులు గడిచాక ఆ కిడ్నీకి రక్తం రావడం తగ్గుతుంది, మూత్రం తయారు చేయడమూ తగ్గుతుంది, దాంతో ఒత్తిడి దిగి నొప్పి చల్లబడుతుంది. అంటే కొన్నిసార్లు నొప్పి తగ్గడమే కిడ్నీ పని మానేస్తోందనడానికి గుర్తు. రాయి పడిపోయిందని ఎప్పుడు నమ్మాలంటే, మీ కళ్లతో చూసినప్పుడు, లేదా స్కానింగ్‌లో లేదని తేలినప్పుడు మాత్రమే.

రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలి

రిపోర్టు ఇంచుమించు ఇలా ఉంటుంది: "6.4 ఎంఎం కాలిక్యులస్ ఇన్ లెఫ్ట్ డిస్టల్ యూరెటర్ విత్ మైల్డ్ హైడ్రోయూరెటరోనెఫ్రోసిస్". చూడగానే టెన్షన్ పడకండి, విడదీసి చదువుకుంటే అంతా అందులోనే ఉంది. కాలిక్యులస్ అంటే రాయి. యూరెటర్ అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే సన్నటి గొట్టం, పాతిక ముప్పై సెంటీమీటర్ల పొడవు, లోపలి దారి మూడు నాలుగు మిల్లీమీటర్లే. డిస్టల్ అంటే కింది భాగం, మూత్రాశయానికి దగ్గర. ప్రాక్సిమల్ అని ఉంటే పై భాగం, కిడ్నీకి దగ్గర. చివరి మాట, హైడ్రో అని మొదలయ్యేది, అన్నిటికంటే ముఖ్యం: మూత్రం ఆగి కిడ్నీ, గొట్టం ఉబ్బాయని. మైల్డ్ అంటే కొంచెం, మోడరేట్ అంటే ఓ మాదిరి, గ్రాస్ లేదా సివియర్ అంటే బాగా. పీయూజే, వీయూజే అని కూడా రాస్తుంటారు. పీయూజే అంటే గొట్టం కిడ్నీ దగ్గర మొదలయ్యే చోటు, వీయూజే అంటే మూత్రాశయంలో కలిసే చోటు. ఈ రెండూ ఇరుకు సందులు, నడుం ఎముక దగ్గర పెద్ద రక్తనాళాలు దాటే చోటు మూడోది. రాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

అల్ట్రాసౌండ్ కిడ్నీలో ఉన్న రాయినీ, కిడ్నీ ఉబ్బునీ బాగానే చూపిస్తుంది. గొట్టం మధ్యలో ఉన్నదాన్ని పేగులూ గ్యాసూ కప్పేస్తాయి, సైజు కూడా అటూ ఇటూ అవుతుంది. అందుకే ఆపరేషన్ చేయాలా వద్దా అనే దాకా వస్తే సీటీ కేయూబీ తీయమంటారు, ఇంజెక్షన్ లేకుండా తీసే ప్లెయిన్ సీటీ. గర్భిణులకి మాత్రం మొదట అల్ట్రాసౌండే.

రిపోర్టుతో పాటు డాక్టర్ని అడగాల్సినవి ఇంకో రెండు: క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) ఎంత ఉంది, రెండో కిడ్నీ బాగుందా.

గంటలు లెక్కపెట్టుకోవాల్సినప్పుడు

రాయి అడ్డుపడి ఉండి జ్వరమో, చలి వణుకో వచ్చిందంటే ఆ రాత్రికి పారాసిటమాల్ వేసుకుని పొద్దున్నే చూద్దాం అనుకోకండి. ఆగిపోయిన మూత్రంలో చీము పడితే అది రక్తంలోకి ఎక్కడానికి గంటలు చాలు.

మే నెలలో ఒకావిడని తీసుకొచ్చారు, అరవై దాటిన మనిషి, షుగర్ ఉంది. బయట ఎండ మండిపోతుంటే ఆవిడ రెండు దుప్పట్ల కింద గడగడ వణుకుతోంది, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కొడుకు మాత్రం "మూడు రోజుల నుంచి జ్వరం సిస్టర్, మలేరియా అనుకున్నాం, రాయి సంగతి పాతదే" అంటున్నాడు. బీపీ చూస్తే 80 కింద ఉంది. ఆ రాత్రే నడుం పక్క నుంచి కిడ్నీలోకి సన్నటి ట్యూబ్ వేశారు, పీసీఎన్ అంటారు దాన్ని. బ్యాగులోకి వచ్చింది మూత్రం కాదు, చిక్కటి పసుపు చీము. మర్నాడు సాయంత్రానికి ఆవిడ లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. ఇంకో పూట ఆగి ఉంటే ఏమయ్యేదో మా వార్డులో అందరికీ తెలుసు.

షుగర్ ఉన్నవాళ్లకీ పెద్ద వయసువాళ్లకీ ఒక్కోసారి జ్వరం కూడా రాదు. నీరసం, మాట తడబడటం, మూత్రం తగ్గిపోవడం, అంతే కనబడుతుంది. రాయి ఉందని తెలిసిన మనిషి ఇలా ఉంటే తీసుకెళ్లండి.

ఇదే తొందర ఇంకెవరికంటే: ఉన్నది ఒకే కిడ్నీ అయి దాని దారిలోనే రాయి ఉన్నవాళ్లకి, రెండు వైపులా ఒకేసారి అడ్డుపడినవాళ్లకి, మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లకి, క్రియాటినిన్ రోజురోజుకీ పెరుగుతున్నవాళ్లకి. గర్భిణికి ఇలాంటి నొప్పి వస్తే, సైజు ఎంతైనా సరే, గైనకాలజిస్టూ యూరాలజిస్టూ ఇద్దరూ ఉన్న చోటికి వెళ్లండి.

ఇక్కడే చాలామంది మా మీద కోప్పడతారు. "మొన్న స్టెంట్ వేశారు, రాయి తీయలేదు, ఇప్పుడు మళ్లీ రమ్మంటున్నారు, రెండు సార్లు బిల్లు వేయడానికేగా" అని. కాదు, ఇది నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్తాను. రాయి పగలగొట్టేటప్పుడు లోపల కనబడటానికి నీళ్లు పంపుతూ ఉండాలి. చీము ఉన్న కిడ్నీలోకి ఒత్తిడితో నీళ్లు పంపితే క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. అందుకే మొదట దారి తెరవడం, అంటే లోపల గొట్టంలో డీజే స్టెంట్ అనే మెత్తటి సన్న ట్యూబ్ వేయడమో, బయటికి పీసీఎన్ ట్యూబ్ పెట్టడమో. ఆ తర్వాత యాంటీబయాటిక్స్‌తో ఇన్‌ఫెక్షన్ పూర్తిగా అణిగాక, మామూలుగా రెండు మూడు వారాలకి, రాయి తీయడం. ఈ రెండు వారాల్లో స్టెంట్ వల్ల గొట్టం కాస్త వదులై రెండో ఆపరేషన్ సులువు కూడా అవుతుంది. జ్వరం ఉండగానే "రాయి కూడా ఒకేసారి తీసేయండి" అని డాక్టర్ని బతిమాలకండి.

ఒకటి రెండు రోజుల్లో తేల్చుకోవాల్సినవి

జ్వరం లేదు, క్రియాటినిన్ బాగుంది, కానీ ఇంజెక్షన్ చేసిన నాలుగు గంటలకే నొప్పి మళ్లీ వస్తోంది, వాంతులు ఆగట్లేదు, తిండి లేదు. ఇలాంటివాళ్లు నెల రోజులు ఓర్చుకోనక్కర్లేదు. బ్రిటన్‌లోని నైస్ అనే ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన మార్గదర్శకాల్లో, నొప్పి ఓర్చుకోలేకపోతున్నా, రాయి దానంతట అది పడేలా లేకపోయినా 48 గంటల్లోపు చికిత్స చేయమని ఉంది. మన దగ్గర బెడ్డూ అనుమతులూ చూసుకునేసరికి నాలుగైదు రోజులు పడుతుంది, జ్వరం రానంతవరకు ఫర్వాలేదు. గొట్టంలో 10 మిల్లీమీటర్లు దాటిన రాయి ఉంటే అది దానంతట పడుతుందని ఎదురుచూడటం దండగ, డేటు వేయించేసుకోండి. నొప్పి మాత్రలు కూడా షాపులో అడిగి తెచ్చుకుని రోజుల తరబడి మింగకండి. డైక్లోఫెనాక్ లాంటివి ఈ నొప్పికి బాగా పనిచేస్తాయి, కానీ దెబ్బతిన్న కిడ్నీకి అవే ఇంకో దెబ్బ.

ఆగితే పోయే రాళ్లు

అమెరికా, యూరప్ యూరాలజీ సంఘాలు కలిసి 2007లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఒక లెక్క ఉంది. గొట్టంలో ఉన్న రాయి 5 మిల్లీమీటర్ల లోపుంటే వందలో 68 మందికి దానంతట అదే పడిపోతుంది, 5 నుంచి 10 మధ్య ఉంటే 47 మందికి. కిందికి దిగిన కొద్దీ అవకాశం పెరుగుతుంది, పైన ఉన్నవి మొండివి. కాబట్టి వీయూజే దగ్గర 4 మిల్లీమీటర్ల రాయి ఉండి, నొప్పి మాత్రతో అదుపులో ఉండి, జ్వరం లేకపోతే, ఆ రోజే ఆపరేషన్ టేబుల్ ఎక్కాల్సిన పని చాలామందికి ఉండదు. ఎవరైనా మిమ్మల్ని ఆ రోజే సంతకం పెట్టమని తొందరపెడితే కారణం అడగండి, అడిగే హక్కు మీకుంది.

కానీ ఆగడమంటే మర్చిపోవడం కాదు. గడువు నాలుగు నుంచి ఆరు వారాలు, అదీ మొదటి నొప్పి వచ్చిన రోజు నుంచి లెక్క. ఇంటికి బయల్దేరే ముందే రెండో వారంలో ఒక స్కానింగ్‌కి, నాలుగో వారంలో ఇంకోదానికి డేట్లు రాయించుకుని, క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి. రెండు వారాలకి రాయి ఒక్క సెంటీమీటరు కూడా కదలకపోయినా, ఉబ్బు మైల్డ్ నుంచి మోడరేట్‌కి పెరిగినా నెల దాకా ఆగకుండా మాట్లాడండి. నొప్పి పోయింది కదా అని ఆ స్కానింగ్ మానేసినవాళ్లే మా దగ్గరికి కిడ్నీ ఉబ్బిపోయాక వస్తారు.

ఈలోగా ఇంట్లో చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మూత్రం లేత రంగులో వచ్చేంత నీళ్లు తాగండి, నొప్పి వచ్చిన సమయంలో మాత్రం లీటర్లకి లీటర్లు పట్టించకండి, అడ్డు వెనక ఒత్తిడి పెరగడం తప్ప లాభం లేదు. ప్రతిసారీ పాత టీ వడపోత గిన్నెలోకో, పలచటి గుడ్డలోకో మూత్రం పోయండి. రాయి పడితే ఆవగింజంతో, మిరియపు గింజంతో, గరుకుగా కనబడుతుంది. పారేయకుండా చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్తే ల్యాబులో అది ఏ రకం రాయో చెప్తారు, మళ్లీ రాకుండా చూసుకోవడానికి అదే ఆధారం. గొట్టాన్ని వదులు చేసే టామ్సులోసిన్ మాత్ర రాస్తే రాత్రి పడుకునే ముందు వేసుకోండి, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. చిన్న రాళ్లకి ఈ మాత్ర వల్ల పెద్ద తేడా లేదని 2015లో బ్రిటన్‌లో చేసిన పెద్ద పరీక్షలో తేలింది, కింది భాగంలో ఉన్న 5 నుంచి 10 మిల్లీమీటర్ల రాళ్లకి ఉపయోగం ఉండొచ్చని డాక్టర్లు ఇప్పటికీ ఇస్తున్నారు.

ఇక కొండపిండి ఆకు, రణపాల, అరటి దవ్వ రసం, ఉలవకట్టు. మా అమ్మమ్మ కూడా ఇచ్చేది, నేను ఎవరినీ తిట్టను. చిన్న రాయి ఎలాగూ పడిపోయేదే, ఆ వారంలో ఏం తాగితే దానికి పేరు వస్తుంది. తాగాలనిపిస్తే డాక్టర్‌కి చెప్పి తాగండి, కిడ్నీ పనితనం తగ్గినవాళ్లు అసలు వద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, దానికోసం స్కానింగ్ డేటు జరపకండి. "ఇంకో మండలం తాగి చూస్తాను" అన్న మాట వినబడితే నాకు భయమేస్తుంది, మండలం అంటే నలభై రోజులు, మన గడువంతా అందులోనే అయిపోయింది. బీరు తాగితే రాయి కొట్టుకుపోతుందన్నది మాత్రం పూర్తిగా వదిలేయండి.

మందుతో నిజంగా కరిగే రాయి ఒకటుంది, యూరిక్ యాసిడ్ రాయి. సీటీలో కనబడుతుంది, ఎక్స్‌రేలో కనబడదు. పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో మూత్రం పులుపు తగ్గిస్తే వారాల్లో, నెలల్లో కరుగుతుంది. అడ్డుపడని రాయి అయితే ఆపరేషన్‌కి ముందు దీని గురించి అడిగి తీరాలి.

కిడ్నీలోనే కూర్చున్న రాయి

గొట్టంలోకి దిగకుండా కిడ్నీలోనే ఉన్న రాయి వేరే కథ. వేరే దేనికో స్కానింగ్ తీస్తే బయటపడిన 4 మిల్లీమీటర్ల రాయికి, నొప్పి లేకపోతే, చాలాసార్లు ఏమీ చేయరు. ఆరు నెలలకి ఒకసారి, తర్వాత ఏడాదికోసారి స్కానింగ్, అంతే. పెరుగుతున్నా, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ వస్తున్నా, నొప్పి వస్తున్నా, 15 మిల్లీమీటర్లు దాటినా అప్పుడు తీయించుకోవాలి. జింక కొమ్ములా కిడ్నీ అంతా కొమ్మలు వేసిన రాయిని, స్టాగ్‌హార్న్ అంటారు, నొప్పి లేకపోయినా వదిలేయకూడదు, ఇన్‌ఫెక్షన్‌తో కిడ్నీని తినేస్తుంది. అయితే అది తుఫాను తొందర కాదు, యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయించి, షుగర్ సరిచేసుకుని, మంచి చోటు చూసుకుని చేయించుకునేంత సమయం ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం లెక్క మారుతుంది, మీరు ఎక్కడికి వెళ్తున్నారన్నది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కి పోయేవాళ్లు, గోదావరి జిల్లాల నుంచీ కడప నుంచీ కువైట్ వెళ్లే ఆడవాళ్లు, 7, 8 మిల్లీమీటర్ల రాయి కిడ్నీలో పెట్టుకుని విమానం ఎక్కకండి. అక్కడ ఎండలో చెమట పట్టి మూత్రం చిక్కబడుతుంది, నొప్పి వస్తే సెలవు దొరకదు, మాట చెప్పుకోవడానికి మనిషి ఉండడు. ప్రయాణం అనేది కూడా ఆపరేషన్ ముందుకు జరపడానికి సరైన కారణమే, యూరప్ యూరాలజిస్టుల మార్గదర్శకాల్లో కూడా ఉద్యోగం, ప్రయాణాలు చూసి నిర్ణయించమని ఉంది. వెళ్లడానికి కనీసం రెండు నెలల ముందు డాక్టర్‌ని కలవండి, స్టెంట్ వేస్తే అది తీయించుకుని మరీ వెళ్లడానికి ఆ వ్యవధి కావాలి.

పద్ధతుల గురించి క్లుప్తంగా. గొట్టంలో రాయికి కింది నుంచి సన్నటి స్కోప్ పంపి లేజర్‌తో పగలగొడతారు, యూఆర్ఎస్. కిడ్నీలో ఉన్నదానికి వంగే స్కోప్‌తో చేస్తే ఆర్ఐఆర్ఎస్. 20 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా నడుం పక్క చిన్న రంధ్రం చేసి తీసే పీసీఎన్ఎల్. బయటి నుంచి తరంగాలతో పగలగొట్టే ఈఎస్‌డబ్ల్యూఎల్ 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది, కోత లేదు, కానీ గట్టి రాళ్లకి రెండు మూడు సార్లు పడుతుంది, గర్భిణులకి చేయరు. అంటే మీకు సమయం తక్కువుంటే ఈ పద్ధతి కుదరకపోవచ్చు, అది ముందే అడగండి.

డేటు వేయించుకునే ముందు

యూరిన్ కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం శాంపిల్ ఇస్తే దండగ, వారం ముందే ఇవ్వండి. అందులో క్రిములు వస్తే మందు వాడాకే ఆపరేషన్. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే మొదటి రోజే చెప్పండి. సొంతంగా ఆపకండి, స్టెంట్ వేసిన గుండె ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదకి తెస్తుంది, గుండె డాక్టరూ యూరాలజిస్టూ మాట్లాడుకుని చెప్తారు.

డబ్బు సంగతి కూడా టైమింగ్‌లో భాగమే. తెలంగాణలో ఆరోగ్యశ్రీలో, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవలో రాళ్ల ఆపరేషన్లు ఉన్నాయి. అనుమతికి పట్టే రోజులు కలుపుకుని డేటు అడగండి, ఎమర్జెన్సీ అయితే ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని వెంటనే కలవండి. సొంత ఇన్సూరెన్స్ ఉంటే చూసుకోవాల్సింది వెయిటింగ్ పీరియడ్, చాలా పాలసీల్లో రాళ్లకి రెండేళ్లు ఉంటుంది. కిడ్నీలో కదలని చిన్న రాయి అయితే ఆ గడువు చూసుకుని ఆగొచ్చు, గొట్టంలో అడ్డుపడ్డ రాయికి మాత్రం పాలసీ కోసం ఒక్క నెల కూడా ఆగకండి.

స్టెంట్ తీయించుకునే డేటు

రాయి తీశాక చాలామందికి డీజే స్టెంట్ పెట్టి పంపిస్తారు. మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లాలనిపించడం, కొంచెం ఎర్రగా రావడం, పోసేటప్పుడు నడుంలో లాగినట్టుండటం మామూలే. కొన్ని వారాలకి అలవాటైపోతుంది, అదే ప్రమాదం. మూడు నెలలకి మించి మామూలుగా ఉంచకూడదు, చాలామందికి రెండు మూడు వారాల్లోనే తీసేస్తారు. మర్చిపోతే దాని మీద రాయి పేరుకుని, తీయడానికి మొదటిదానికంటే పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. నాలుగేళ్లు మర్చిపోయిన స్టెంట్‌ని ఒకసారి ట్రేలో పట్టుకున్నాను, మెత్తటి ట్యూబ్ కాస్తా రెండు చివర్లా సున్నం గడ్డ కట్టి సుద్దముక్కలా విరిగింది.

డిశ్చార్జి రోజు ఫైలు చేతిలో పెట్టగానే స్టెంట్ వేశారా, ఒక వైపా రెండు వైపులా, ఎప్పుడు తీస్తారు అని అడిగి, ఆ డేటు ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాయించుకోండి. పేషెంటు ఫోన్‌లోనే కాకుండా ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా అలారం పెట్టించండి. మా వార్డులో అయితే ఆ అలారం నేనే పక్కన నిలబడి పెట్టించి పంపుతాను.